ఈ తరంలో గొప్ప రగ్బీ లీగ్ ఆటగాడు ఎవరు? థర్స్టనా, స్మిత్తా?

విల్లోస్_గేటు (టౌన్స్‌విల్):

అందరికీ నమస్కారం. తెలుగువాళ్లలో రగ్బీ లీగ్ (జట్టుకు 13 మందితో ఆడే రగ్బీ) చూసేవాళ్లు తక్కువే, కానీ చూసేవాళ్లు ప్రాణం పెట్టి చూస్తారని తెలుసు కాబట్టి ఇక్కడ అడుగుతున్నాను. 2005 నుంచి 2020 దాకా ఒక తరం అనుకుందాం. ఆ తరంలో అందరికంటే గొప్ప ఆటగాడిగా ఒక్కరి పేరే చెప్పాలంటే ఎవరి పేరు చెబుతారు? ఆండ్రూ జాన్స్ అభిమానులు కోప్పడకండి. ఆయన మెడ గాయంతో 2007లోనే ఆట ఆపేశాడు, ఆయనది ముందు తరం.

నా జవాబు ముందే చెప్పేస్తాను. జొనాథన్ థర్స్టన్, మా నార్త్ క్వీన్స్‌లాండ్ కౌబాయ్స్ హాఫ్ (దాడిని నడిపించే ఆటగాడు).

ఈ పోటీలో నాకు బాగా నచ్చేది ఏంటంటే, "కాలం వేరు, రూల్స్ వేరు, పోల్చలేం" అని ఎవరూ తప్పించుకోలేరు. థర్స్టన్ పుట్టింది 1983 ఏప్రిల్ 25న. మెల్‌బోర్న్ స్టార్మ్ జట్టు కామెరాన్ స్మిత్, బిల్లీ స్లేటర్ ఇద్దరూ అదే ఏడాది ఒకే రోజున, జూన్ 18న పుట్టారు. కూపర్ క్రాంక్ డిసెంబర్ 5న. నలుగురూ క్వీన్స్‌లాండ్ వాళ్లే. నలుగురూ ఒకే మెరూన్ జెర్సీ వేసుకుని పక్కపక్కనే ఆడారు. ఒక రాష్ట్రానికి ఒకే ఏడాదిలో ఇంత అదృష్టం పట్టడం ఇంకే ఆటలోనైనా ఉందేమో నాకు తెలియదు.

ఇక థర్స్టన్ సంగతి. ఆస్ట్రేలియా లీగ్ ఎన్ఆర్ఎల్‌లో ఏడాది ఉత్తమ ఆటగాడికిచ్చే డాలీ ఎమ్ మెడల్ నాలుగు సార్లు గెలిచాడు: 2005, 2007, 2014, 2015. మొదటిదానికీ చివరిదానికీ మధ్య పదేళ్లు. ప్రపంచ ఉత్తమ ఆటగాడికిచ్చే గోల్డెన్ బూట్ మూడు సార్లు. క్వీన్స్‌లాండ్, న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రాలు ఏటా మూడు మ్యాచ్‌లు ఆడే స్టేట్ ఆఫ్ ఆరిజిన్‌లో ఒక్క మ్యాచ్ కూడా వదలకుండా వరసగా 36 ఆడాడు. అంత ఒత్తిడి ఉండే ఆటలో, అందరూ వెతికి వెతికి గుద్దే హాఫ్ స్థానంలో, పదకొండేళ్ల పాటు.

కానీ నేను అతని పేరు చెప్పేది మెడల్స్ చూసి కాదు. బ్రిస్బేన్‌కు 1,300 కిలోమీటర్లకు పైగా ఉత్తరాన ఉన్న మా ఊరి జట్టుకు వచ్చి, ఇక్కడే ఉండిపోయి, దానికి మొదటి టైటిల్ తెచ్చిపెట్టాడు. కౌబాయ్స్ పోటీలోకి వచ్చింది 1995లో. 2005లో ఫైనల్ దాకా వెళ్లి వెస్ట్స్ టైగర్స్ చేతిలో ఓడింది. తర్వాత మమ్మల్ని ఎన్ని రకాలుగా ఏడిపించారో చూడండి. 2013లో క్రోనుల్లా వాళ్లకు ఏడో ట్యాకిల్ (బంతి ఉన్నవాణ్ణి పట్టి ఆపడం) మీద ట్రై (బంతిని ఎదుటి గోల్ గీత దాటించి నేలకు ఆనించడం) ఇచ్చారు. ఆరుకే బంతి వదలాలన్న సంగతి చిన్నపిల్లలకు కూడా తెలుసు. మేం రెండు పాయింట్ల తేడాతో ఇంటికి వచ్చేశాం. 2014లో రూస్టర్స్ మీద 30-0 వెనకబడి, అక్కడినుంచి 30-30 దాకా లాక్కొచ్చి, 31-30తో ఓడిపోయాం. ఆ రాత్రి మా వీధిలో ఎవరూ మాట్లాడుకోలేదు.

2015 ఫైనల్ గురించి కొత్తగా చెప్పేదేముంది. బ్రిస్బేన్ జట్టు బ్రాంకోస్ 16-12 ముందున్నారు. ఆఖరి సెకన్లలో థర్స్టన్ బంతి పట్టుకుని మైదానానికి అడ్డంగా పరుగెత్తాడు, పట్టుకోవడానికి వచ్చినవాళ్లను తప్పించుకుని మైకేల్ మోర్గన్‌కు ఇచ్చాడు, మోర్గన్ నుంచి కైల్ ఫెల్ట్‌కు, మూలన ట్రై. 16-16. టచ్‌లైన్ పక్కనుంచి కన్వర్షన్ (ట్రై తర్వాత పోస్టుల మధ్యకు తన్నే కిక్). థర్స్టన్ తన్నాడు. బంతి గోల్‌పోస్టుకు తగిలి బయటికి పోయింది. గోల్డెన్ పాయింట్‌లో (ముందు పాయింటు కొట్టినవాళ్లు గెలిచే అదనపు సమయం) మొదటి కిక్‌నే బ్రాంకోస్ బెన్ హంట్ చేజార్చాడు, కాసేపటికి థర్స్టన్ ఫీల్డ్ గోల్ (ఆట మధ్యలో పోస్టుల మధ్యకు తన్నే కిక్) కొట్టాడు, 17-16. పోస్టుకు కొట్టిన మనిషే, నిమిషాల తేడాలో, అదే కాలితో గెలిపించాడు. గుండె అంటే అదీ.

నా పక్క సీట్లో పనిచేసే మెల్‌బోర్న్ మనిషి మాత్రం "స్మిత్ ముందు ఎవరూ లేరు" అంటాడు. 430 మ్యాచ్‌లు, 2,786 పాయింట్లు, 42 ఆరిజిన్ మ్యాచ్‌లు అని ఏకరువు పెడతాడు. అంకెలకు ఎదురు చెప్పలేను. కానీ స్మిత్ ఆట చూస్తుంటే నాకు కుర్చీలోంచి లేవాలనిపించదు. స్మిత్‌ను ఇష్టపడేవాళ్లు ఎవరైనా ఉంటే, అతని గొప్పతనం మైదానంలో ఎక్కడ కనబడుతుందో చెప్పండి. అంకెలు వద్దు, ఆట చూపించండి.

క్యాక్స్టన్_వీధి (బ్రిస్బేన్):

ఇద్దరూ కాదు. బ్రాంకోస్, క్వీన్స్‌లాండ్ ఆటగాడు డారెన్ లాకియర్.

న్యూ సౌత్ వేల్స్ 2003, 2004, 2005 మూడు ఆరిజిన్ సిరీస్‌లూ వరసగా గెలిచింది. 2006 మూడో మ్యాచ్, మెల్‌బోర్న్‌లో. ఇంకొన్ని నిమిషాలే ఉన్నాయి, మేం వెనకబడి ఉన్నాం. వాళ్లు డమ్మీ హాఫ్ (పడ్డ ఆటగాడి వెనక నిలబడి బంతి తీసుకునే స్థానం) నుంచి వేసిన పాస్ గురి తప్పింది. లాకియర్ ఆ బంతిని అందుకుని పోస్టుల దగ్గర పడ్డాడు. 16-14. అక్కడినుంచే ఎనిమిదేళ్ల వరస గెలుపు మొదలైంది. మీ థర్స్టన్, స్మిత్, స్లేటర్ అందరూ ఎక్కిన మెట్టు అది.

ఇంకొకటి. ఫుల్‌బ్యాక్‌గా (అందరికంటే వెనక నిలబడే స్థానం) ప్రపంచంలోనే గొప్పవాడు అనిపించుకుని 2003లో గోల్డెన్ బూట్ తీసుకున్నాడు. తర్వాత హాఫ్ పక్కన ఆడే ఫైవ్-ఎయిత్‌కు మారి 2006లో మళ్లీ తీసుకున్నాడు. రెండు వేర్వేరు స్థానాల్లో పైస్థాయికి చేరినవాడు ఈ తరంలో ఇంకొకడు ఉన్నాడా? 2011 సెమీస్‌లో చెంప ఎముక విరిగి, ముఖం వాచిపోయి కూడా డ్రాగన్స్ మీద గోల్డెన్ పాయింట్‌లో ఫీల్డ్ గోల్ కొట్టి గెలిపించాడు. బ్రాంకోస్‌కు అతను ఆడిన చివరి మ్యాచ్ అదే. ఆపైన నేను చెప్పేదేం లేదు.

పది_మీటర్లు (మెల్‌బోర్న్):

విల్లోస్ గేటు గారూ, మీరు అడిగిన తీరు నాకు నచ్చింది. అంకెలు పక్కన పెట్టి ఆట చూపిస్తాను.

మా అమ్మాయి ఇక్కడ జూనియర్ జట్టులో డమ్మీ హాఫ్ ఆడుతుంది. ఫుట్‌బాల్ అంటే ఏఎఫ్ఎల్ (ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్) తప్ప ఇంకోటి తెలియని ఊరిది. రగ్బీ లీగ్ ఆడే ఆడపిల్లలు దొరకడమే కష్టం. వాళ్ల కోచ్ మొదటి వారంలోనే తల్లిదండ్రులను పిలిచి ఒక మాట చెప్పారు: "బంతిని చూడకండి. పడ్డ మనిషిని, అతని ఎదురుగా నిలబడ్డ మార్కర్లను చూడండి." అప్పటినుంచి నేను స్టార్మ్ మ్యాచ్‌లు అలాగే చూడటం మొదలుపెట్టాను. ఏఏఎమ్ఐ పార్క్‌లో గోల్‌పోస్టుల వెనక, పైవరసలో సీటు తీసుకునేదాన్ని. పక్కనుంచి చూస్తే బంతి ఎంత దూరం వెళ్లిందో కనబడుతుంది. వెనకనుంచి చూస్తే డిఫెన్స్ వరసలో సందు ఎక్కడ తెరుచుకుంటుందో కనబడుతుంది. స్మిత్‌ను చూడాల్సింది అక్కడినుంచి.

ఒక్క ప్లే ద బాల్ (ట్యాకిల్ అయినవాడు లేచి బంతిని కాలితో వెనక్కి నెట్టడం) తీసుకోండి, స్మిత్ డమ్మీ హాఫ్‌లో ఉన్నాడు. మన ఆటగాడు కిందపడ్డాడు, లేస్తున్నాడు. అతను లేవకముందే స్మిత్ తల ఎత్తి రెండు వైపులా చూసేస్తాడు. ఎదుటి మార్కర్ ఇద్దరూ సూటిగా నిలబడి ఉన్నారా, ఒకడు పక్కకు జరిగాడా? జరిగితే అటే రెండడుగులు పరుగెడతాడు. అంతే, రెండడుగులు. దాంతో డిఫెన్స్‌లో లావుగా, అలిసిపోయి ఉన్న ఫార్వర్డ్ ఒకడు అతనివైపు తిరగాల్సి వస్తుంది. వాడు తిరిగిన క్షణంలో పాస్ వెళ్లిపోతుంది. మైదానం మీద నుంచి బంతి తీయడం, ఇవ్వడం ఒకటే కదలిక, చేయి వెనక్కి లాగడం ఉండదు. బంతి ఎప్పుడూ పరుగెత్తే మనిషి రొమ్ము ఎత్తులో, అడుగు ముందు. అందుకునేవాడు వేగం తగ్గించాల్సిన పని ఉండదు. తర్వాత మూడో పాస్‌కు స్లేటర్ ట్రై కొడతాడు, టీవీలో స్లేటర్ కనబడతాడు, మీరు కుర్చీలోంచి లేస్తారు. ఆ ట్రై మొదలైంది ఆ రెండడుగుల దగ్గర.

డిఫెన్స్‌లో ఇంకా బాగా తెలుస్తుంది. ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి కాదు, వేగం ఉన్న మనిషి కాదు. ట్యాకిల్‌లోకి ఎక్కువగా రెండోవాడుగానో మూడోవాడుగానో వస్తాడు. పడ్డవాడి భుజాన్ని కాస్త తిప్పి పెడతాడు, లేవడానికి వాడికి ఇంకో అర సెకను పడుతుంది. ఆ అర సెకనులో స్మిత్ వెనక ఉన్నవాళ్లంతా పది మీటర్లు వెనక్కి వెళ్లి వరసకట్టేస్తారు. ఒక మ్యాచ్‌లో అలా ఎన్నిసార్లు జరుగుతుందో ఊహించండి. ఎదుటి జట్టుకు 60వ నిమిషం వచ్చేసరికి కాళ్లలో బలం ఉండదు, ఎందుకో వాళ్లకే అర్థం కాదు.

ఇంకొకటి, ఆట వేగం అతని చేతిలో ఉంటుంది. మనవాళ్లు అలిసిపోతే పెనాల్టీ దగ్గర రిఫరీతో మాట్లాడుతూ పదిహేను సెకన్లు తీసుకుంటాడు. ఎదుటివాళ్లు అలిసిపోతే బంతి మైదానాన్ని తాకకముందే ఆడేస్తాడు. దాన్ని చాలామంది తిట్టుకుంటారు. నాకు అది ఆటంతటినీ తలలో పెట్టుకున్న మనిషి పని అనిపిస్తుంది.

థర్స్టన్ గొప్పవాడే, అందులో నాకు రెండో మాట లేదు. మ్యాచ్ ఆఖరి నిమిషానికి వచ్చి కత్తి మీద సాములా ఉంటే బంతి ఎవరికివ్వాలి అంటే నేనూ థర్స్టన్‌కే ఇస్తాను. కానీ స్మిత్ ఉన్న జట్టుకు చాలా మ్యాచ్‌లు ఆ ఆఖరి నిమిషం దాకా రావు. నా దృష్టిలో గొప్పతనం అక్కడుంది.

మా అమ్మాయి ఇది చదివి, మగవాళ్ల పేర్లే రాశావేంటని అడిగింది. తన ఓటు ఆలీ బ్రిగిన్‌షాకి. మహిళల లీగ్ ఎన్ఆర్ఎల్‌డబ్ల్యూ మొదలయ్యాక మొదటి మూడు టైటిళ్లు, 2018, 2019, 2020, మూడూ గెలిచిన బ్రిస్బేన్ జట్టు హాఫ్. అది కూడా లెక్కలో వేసుకోండి.

విల్లోస్_గేటు (టౌన్స్‌విల్):

అక్కా, ఇంత వివరంగా రాసినందుకు చాలా థాంక్స్. ఆ మార్కర్ల సంగతి నేను ఇప్పటిదాకా అలా చూడలేదు. అయినా నా దగ్గర మూడు ప్రశ్నలు ఉన్నాయి, మీరు జవాబు చెప్పాల్సిందే.

ఒకటి. స్మిత్ చుట్టూ ఎవరున్నారో చూడండి. క్రెయిగ్ బెలమీ కోచ్. ఒక పక్క క్రాంక్, వెనక స్లేటర్, కొన్నేళ్లు గ్రెగ్ ఇంగ్లిస్. థర్స్టన్‌కు మొదట్లో మ్యాట్ బోవెన్ ఉన్నాడు, ఒప్పుకుంటాను. కానీ స్టార్మ్‌కు ఉన్న బలగం కౌబాయ్స్‌కు ఏనాడూ లేదు. 2010లో జీతాల పరిమితి దాటారని స్టార్మ్ 2007, 2009 టైటిళ్లు రెండూ వెనక్కి తీసుకున్నారు. అంత మంది స్టార్లను ఒకే జట్టులో ఎలా పెట్టగలిగారో అప్పుడు అందరికీ తెలిసింది.

రెండు. మీరు "భుజాన్ని కాస్త తిప్పి పెడతాడు" అని ముద్దుగా రాశారు. మేం దాన్ని కుస్తీ అంటాం. 2008లో మెడ పట్టుకునే ట్యాకిల్ చేసి సస్పెండ్ అయి ఫైనల్‌కే దూరమయ్యాడు.

మూడోది అసలైనది. స్మిత్ 2020తో ఆపేశాడు. 2021లో స్టార్మ్ వరసగా 19 మ్యాచ్‌లు గెలిచి 1975 నాటి రూస్టర్స్ రికార్డును అందుకుంది. అతను లేకపోతే కూలిపోవాల్సిన జట్టు అంతకుముందుకంటే వేగంగా ఆడింది. మరి ఎవరి వల్ల ఎవరు గెలిచినట్టు?

హెడింగ్లీ_వాన (లీడ్స్):

మీరంతా ఆస్ట్రేలియాలో ఉంటారు కాబట్టి ఆట అక్కడే పుట్టి అక్కడే ఆగిపోయిందన్నట్టు మాట్లాడుతున్నారు. రగ్బీ లీగ్ పుట్టింది 1895లో, హడర్స్‌ఫీల్డ్‌లో, ఇక్కడ ఉత్తర ఇంగ్లండ్‌లో. గని కార్మికులు, మిల్లు కార్మికులు శనివారం ఆడటానికి జీతం పోగొట్టుకోవాల్సి వస్తుందని, ఆ నష్టం ఇప్పించమని అడిగితే కాదన్నారు. అందుకని క్లబ్బులు విడిపోయి సొంత ఆట మొదలుపెట్టుకున్నాయి. అందుకే నాకు ఈ ఆట అంటే అంత ఇష్టం.

నేను చెప్పే పేరు కెవిన్ సిన్‌ఫీల్డ్. లీడ్స్ రైనోస్ కెప్టెన్‌గా 2004 నుంచి 2015 దాకా ఏడు గ్రాండ్ ఫైనల్స్ గెలిచాడు. రగ్బీ లీగ్‌లో ఒక్క క్లబ్బులోనే ఆడాడు. 2012లో గోల్డెన్ బూట్. "సూపర్ లీగ్ స్థాయి తక్కువ" అని మా ఇంగ్లండ్ లీగ్‌ను అంటారేమో, 2008లో రెండు లీగ్‌ల విజేతలు తలపడే వరల్డ్ క్లబ్ ఛాలెంజ్‌లో ఇదే మెల్‌బోర్న్ జట్టును లీడ్స్ 11-4తో ఓడించింది. 2012లో మాన్లీని కూడా.

కానీ సిన్‌ఫీల్డ్ పేరు తలుచుకుంటే రాబ్ బరో పేరు చెప్పకుండా ఉండలేను. ఐదడుగుల ఐదంగుళాల మనిషి. 2011 ఫైనల్‌లో సెయింట్ హెలెన్స్ మీద డమ్మీ హాఫ్ నుంచి బంతి తీసుకుని, ఒకడి చేయి కిందినుంచి వంగి దూరి, ఇద్దరి మధ్యనుంచి జారిపోయి, ఫుల్‌బ్యాక్‌ను కూడా దాటేసి ట్రై కొట్టాడు. నేను చూసిన ట్రైలలో దానికి సాటి లేదు. 2019 డిసెంబర్‌లో అతనికి మోటార్ న్యూరాన్ వ్యాధి అని బయటపడింది. ఏడాది తిరిగేసరికి సిన్‌ఫీల్డ్ ఏడు రోజుల్లో ఏడు మారథాన్‌లు పరుగెత్తి ఆ వ్యాధి కోసం విరాళాలు సేకరించాడు. తర్వాత కూడా ఆగలేదు. 2024 జూన్‌లో బరో చనిపోయాడు. లీడ్స్‌లో ఆ వారం ప్రతి కిటికీలో నీలం, పసుపు రంగులే.

ఆటలో గొప్పతనాన్ని కొలవమంటే ఇవి కలపకుండా నేను కొలవలేను. మీ ఇద్దరిలో ఒకరినే ఎంచుకోమంటే మాత్రం స్మిత్. ఆ 11-4 మ్యాచ్ వానలో, బురదలో జరిగింది. ఎవరికీ బంతి నిలవని రాత్రి కూడా మెల్‌బోర్న్ డమ్మీ హాఫ్ పాస్‌లు చక్కగా పడ్డాయి.

పెన్రిత్_పిల్లోడు (సిడ్నీ):

అంకుల్స్, ఆంటీస్, మీ తరం అయిపోయింది. మా పెన్రిత్ హాఫ్ నేథన్ క్లియరీ. 2021, 2022, 2023, 2024, వరసగా నాలుగు టైటిళ్లు. 2023 ఫైనల్‌లో ఎజ్రా మామ్ మూడు ట్రైలు కొట్టేశాడు, బ్రాంకోస్ 24-8 ముందున్నారు, ఆట ఇరవై నిమిషాలే మిగిలింది. అక్కడినుంచి క్లియరీ ఒక్కడే లాగాడు. ఆఖరి ట్రై అతనే కొట్టి 26-24. నేను ఆ రోజు స్టేడియంలో బ్రాంకోస్ అభిమానుల మధ్యలో ఇరుక్కుని కూర్చున్నాను. నా పక్కనున్న పెద్దాయన క్లియరీ ఆఖరి ట్రైకి లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు, మెరూన్ జెర్సీతోనే.

ఇంకో పదేళ్ల తర్వాత ఇదే ప్రశ్న అడగండి, ఇంకెవరి పేరూ రాదు.

విల్లోస్_గేటు (టౌన్స్‌విల్):

తమ్ముడూ, క్లియరీ గొప్పవాడని నాకూ నమ్మకమే. కానీ అతను ఇంకా ఆడుతున్నాడు. ఈ ప్రశ్న 2020 దాకా ఉన్నవాళ్లది. నీ పేరు మీద నువ్వే కొత్తగా ప్రశ్న పెట్టు, నేను వచ్చి రాస్తాను.

పది_మీటర్లు (మెల్‌బోర్న్):

విల్లోస్ గేటు గారూ, మీ మూడు ప్రశ్నలకూ సూటిగా చెబుతాను.

జీతాల సంగతి: ఆ రెండు టైటిళ్లను నేను ఏనాడూ లెక్కలోకి తీసుకోలేదు, తీసుకోను. తప్పు జరిగింది, శిక్ష పడింది, అది సరైన శిక్షే. కానీ ఆ తర్వాత ఏం జరిగిందో చూడండి. 2010 సీజన్ అంతా పాయింట్లు లేకుండా ఆడించారు. ఎన్ని గెలిచినా పట్టికలో సున్నా. ఇంగ్లిస్ లాంటివాళ్లు వెళ్లిపోయారు. స్మిత్ ఉండిపోయాడు. రెండేళ్లలో, 2012లో, నిబంధనల ప్రకారం కట్టిన జట్టుతో టైటిల్ గెలిచాడు. తర్వాత 2017, 2020. క్రాంక్ రూస్టర్స్‌కు వెళ్లిపోయి, స్లేటర్ రిటైరైపోయి, కొత్త పిల్లలు పక్కన ఉండగా, 37 ఏళ్ల వయసులో ఆ మూడోది. "చుట్టూ స్టార్లు ఉన్నారు" అనే మాట 2020కి పనిచేయదు.

సస్పెన్షన్ సంగతి: నిజమే, ఆ ట్యాకిల్‌ను నేను సమర్థించను. కానీ ఆ ఫైనల్ ఏమైందో మీరు రాయలేదు. స్మిత్ లేని స్టార్మ్ మాన్లీ చేతిలో 40-0తో ఓడింది. స్లేటర్, క్రాంక్, ఇంగ్లిస్, బెలమీ అందరూ ఉన్నారు. ఒక్క పాయింట్ రాలేదు.

2021 సంగతి: ఇది గట్టి ప్రశ్న. రక్ (ట్యాకిల్ జరిగిన చోటు) దగ్గర తప్పు చేస్తే మళ్లీ ఆరు ట్యాకిల్స్ ఇచ్చే రూల్ 2020లో తెచ్చారు. 2021లో దాన్ని ఇంకా విరివిగా వాడారు. దాంతో ఆట బాగా వేగం అయిపోయింది, బలమైన జట్లు బలహీనమైన జట్లను తొక్కేశాయి. అందుకే ఆ 19 గెలుపులను నేను కాస్త తక్కువగానే చూస్తాను. అసలు పరీక్ష సెమీస్‌లో పెన్రిత్‌తో వచ్చింది, ఒత్తిడి మ్యాచ్, పాయింట్లు రాని మ్యాచ్. అక్కడ ఓడిపోయారు. అలాంటి రాత్రి ఆటను నెమ్మది చేసి, ఊపిరి తీసుకుని, మళ్లీ మొదలుపెట్టే మనిషి లేడు. నేను ఆ రోజు టీవీ ముందు కూర్చుని అదే అనుకున్నాను.

ఇప్పుడు నా వంతు. 2017లో థర్స్టన్ భుజం గాయంతో సీజన్ సగంలో ఆగిపోయాడు. ఎనిమిదో స్థానంలో ఉన్న కౌబాయ్స్ అతను లేకుండా ఫైనల్ దాకా వెళ్లింది. మీ మూడో ప్రశ్న మీకే వేస్తున్నాను.

విల్లోస్_గేటు (టౌన్స్‌విల్):

అక్కా, మోర్గన్ ఆ ఏడాది ఎలా ఆడాడో చూశారుగా. పదేళ్లు జేటీ (థర్స్టన్) పక్కన తిరిగిన జట్టుకు అతను ఒడ్డున కూర్చున్నా అతని ఆటే వస్తుంది. ఫైనల్‌లో మీరు మమ్మల్ని 34-6తో కొట్టారు, అది కూడా గుర్తుంది. అతను ఉంటే అంత తేడా ఉండేది కాదు.

కానీ ఆ భుజం గాయం గురించి మీరే ఎత్తారు కాబట్టి నా చివరి మాట అక్కడే చెబుతాను. 2017 జూన్ 21, సిడ్నీ, ఆరిజిన్ రెండో మ్యాచ్. మొదటి మ్యాచ్ అప్పటికే ఓడిపోయాం, ఇదీ పోతే సిరీస్ పోయినట్టే. సగం ఆటకు 16-6 వెనకబడ్డాం. థర్స్టన్ భుజం మొదట్లోనే దెబ్బతింది. చేయి వేలాడేసుకుని ఆడుతున్నాడు, అయినా బయటికి పోలేదు. వాళ్లు కావాలని అతని వైపే పరుగెత్తుతుంటే ఇంకో చేత్తో ట్యాకిల్ చేస్తున్నాడు. మూడు నిమిషాలుందనగా మా గగాయ్ మూలన ట్రై కొట్టాడు. 16-16. టచ్‌లైన్ దగ్గర్నుంచి కన్వర్షన్. అప్పుడు మైదానంలో ఇంకో కిక్కర్ కూడా ఉన్నాడు, ఆ తర్వాత ఈ ఆట చరిత్రలోనే అందరికంటే ఎక్కువ పాయింట్లు కొట్టిన మనిషి. మీ స్మిత్. కెప్టెన్ కూడా అతనే. అయినా బంతి పెట్టింది ఒంటిచేతి థర్స్టన్. కొట్టాడు. 18-16. క్వీన్స్‌లాండ్‌కు అతను ఆడిన ఆఖరి మ్యాచ్ అది.

స్మిత్ పక్కనే ఉండి కూడా ఆ కిక్ తనకు కావాలనలేదు. స్మిత్ ఓటు కూడా థర్స్టన్‌కే అని నేను అంటాను.

పది_మీటర్లు (మెల్‌బోర్న్):

ఇది మంచి దెబ్బ, తీసుకుంటున్నాను. కానీ 18-16 అయ్యాక ఇంకా కొన్ని నిమిషాలు మిగిలాయి కదా. ఆ నిమిషాల్లో బంతి ఎవరి చేతిలో ఎన్నిసార్లు ఉందో, ట్యాకిల్స్‌లో ఎవరున్నారో మళ్లీ ఒకసారి చూడండి. నేను ఇంకేం అనను.

విల్లోస్_గేటు (టౌన్స్‌విల్):

చూస్తాను. నా ఓటు మారలేదు, థర్స్టనే. మైదానం బయట ఆదివాసీ పిల్లల చదువు కోసం చేసిన పనికి 2017లో ఆస్ట్రేలియా మానవ హక్కుల మెడల్ కూడా వచ్చింది, లీడ్స్ అన్న లెక్కలో అది కూడా కలపాలి.

కానీ స్మిత్‌ను మీరు చెప్పినట్టు చూడాలని ఉంది. క్వీన్స్‌లాండ్ మ్యాచ్‌లు కాదు, స్టార్మ్ మ్యాచ్ ఒక్కటి చెప్పండి. ఈ శనివారం మొత్తం చూస్తాను, మార్కర్లనే చూస్తాను.

పది_మీటర్లు (మెల్‌బోర్న్):

2020 ఫైనల్ చూడండి, మొదటి సగం చాలు. పెన్రిత్ వరసగా 17 మ్యాచ్‌లు గెలిచి వచ్చింది, కుర్రాళ్ల జట్టు, కాళ్లలో స్ప్రింగులున్నట్టు పరుగెత్తేవాళ్లు. సగం ఆటకు 22-0 స్టార్మ్. ట్రైలు వచ్చినప్పుడు వెనక్కి తిప్పి, వాటికి ముందు రెండు మూడు ప్లే ద బాల్స్ చూడండి. స్మిత్ కూడా ఒక ట్రై కొడతాడు, చేజారిన బంతి అందుకుని. దాని గురించి నేను మాట్లాడటం లేదు, అది అదృష్టం. పెన్రిత్ వాళ్లు ప్రతిసారీ లేవడానికి ఎంతసేపు పడుతుందో చూడండి. రెండో సగంలో పెన్రిత్ 20 పాయింట్లు కొట్టి 26-20 దాకా వచ్చేస్తుంది, అది కూడా చూడండి, స్టార్మ్ తగ్గింది ఎక్కడో మీకే తెలుస్తుంది.

చూశాక ఇక్కడే రాయండి. పెన్రిత్ తమ్ముడు కూడా చూస్తే మంచిది.

పెన్రిత్_పిల్లోడు (సిడ్నీ):

ఆ మ్యాచ్ వద్దు ఆంటీ. అందులో క్లియరీ పాస్‌ను స్టార్మ్ ఆటగాడు వునివాలు మధ్యలో అందుకుని మైదానం ఆ చివరిదాకా పరుగెత్తాడు. ఇంకోటి చెప్పండి, చూస్తాను.